కొలతలు ఎవరివి?

పోయిన వానాకాలం గోదావరిఖనిలో మా సంఘం నెలవారీ సమావేశానికి ఒక చెల్లె కుంటుకుంటూ వచ్చింది. ఆమె ఒక కాంట్రాక్టరు కింద బొగ్గు మోసే బెల్టు పక్కన ఊడ్చే పని చేస్తుంది. బెల్టు మీంచి రాలిన బొగ్గును, పొడిని పారతో ఎత్తి మళ్లీ బెల్టు మీద వెయ్యాలి. కాలికేమైందని అడిగితే "బూట్లక్కా" అంది. కాంట్రాక్టరు ఇచ్చిన గమ్‌బూట్లు ఎనిమిదో నెంబరువి. ఆమె పాదం నాలుగో నెంబరుకు మించదు. ముందు భాగంలో పాత చీర పేలికలు కుక్కి తొడుక్కుంటుంది. వానకు ఆ పేలికలు తడిసి ఉండకట్టి, బొగ్గుపొడితో కలిసి వేళ్ల సందులు ఒరుసుకుపోయాయి. చిన్నవి అడగలేదా అన్నాను. "అడిగిన. గా సైజుల బూట్లు రావు, ఆడోళ్ల కోసం ఎవరు చేస్తరు అన్నడు. అయినా నాకొక్కదానికేనా అక్కా, అందరికీ గంతే" అంది.

అదే సమావేశంలో మేం చర్చించాల్సిన ఉత్తరం ఒకటుంది. 'డిజైన్ - మానవ, పర్యావరణ సమస్యలు' అన్న అంశం మీద నగరంలో ఒక సదస్సు పెడుతున్నాం, మీ ప్రాంతం నుంచి ఎవరైనా వచ్చి మాట్లాడండి అని దాని సారాంశం. చదవగానే నవ్వులు. డిజైన్ అంటే చీర అంచుల మీద ఉండేది గదా, దానికీ మన బొగ్గుకూ ఏం సంబంధం అంది ఒక పెద్దామె. నాక్కూడా మొదట నవ్వే వచ్చింది. కానీ ఆ చెల్లె బూటు విప్పి పేలికలు పిండుతుంటే ఆ నవ్వు నిలవలేదు. ఉత్తరంలో అడిగిన ప్రశ్నకు జవాబు మా ఎదురుగానే కూర్చుని ఉంది.

ఏ వస్తువైనా, ఏ ఇల్లైనా, ఏ గనైనా తయారయ్యేముందే కొన్ని సంగతులు తేలిపోయి ఉంటాయి. ఎవరు వంగాలి, ఎవరు మొయ్యాలి, ఎవరు దుమ్ము పీల్చాలి, ఎవరు అర్ధరాత్రి లేవాలి. కాగితం మీద ఆ గీత గీసే చేతిని మనం ఎప్పుడూ చూడం. ఆ గీతలోని తప్పు ఎవరి ఒంటి మీద పడుతుందో ఆ మనిషిని ఆ చెయ్యీ చూడదు. పని స్థలాల్లో కూలి గురించి, వేధింపుల గురించి మనం మాట్లాడతాం. ఈ గీతల గురించి మాత్రం "అది సాంకేతిక విషయం, మనకేం తెలుసు" అని మనమే వదిలేశాం. అది మన పొరపాటని చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది ఈ బాయిల మధ్యే. మా నాన్న తట్టా చెమ్మసు పట్టి టబ్బులు నింపిన తరం. షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి కళ్లూ పళ్లూ తప్ప మనిషి కనిపించేవాడు కాదు. ఆ వేళకు అమ్మ బొగ్గుపొయ్యి మీద నీళ్లు కాచి ఉంచాలి. నాన్నకు మొదటి షిఫ్టైతే తెల్లారకముందే లేచి సద్ది కట్టాలి. రెండో షిఫ్టైతే అర్ధరాత్రి దాకా మేలుకుని నీళ్లు చల్లారకుండా చూడాలి. రాత్రి షిఫ్టైతే పగలంతా ఆయన నిద్ర చెడకుండా పిల్లల నోళ్లు మూయించాలి. వారం వారం మారే షిఫ్టు నాన్నదొక్కడిదే అనుకునేవాళ్లం. అమ్మ షిఫ్టు కూడా ఆ సైరన్‌తోనే మారేది. ఆయనకు మస్టరు ఉండేది, ఈమెకు లేదు. అంతే తేడా.

ఇక బాయి బట్టలు. వాటిని ఇంటి బట్టలతో కలిపి ఉతకడానికి వీల్లేదు. బండ మీద ఎంత బాదినా నల్లనీళ్లు వస్తూనే ఉంటాయి. వానాకాలంలో ఆరవు. పొయ్యి పక్కన దండెం కట్టి ఆరేస్తే ఇల్లంతా తడి బొగ్గు వాసన. పసిపిల్లలు ఆ వాసనలోనే పడుకునేవాళ్లు. పెద్దయ్యాక ఒకసారి నాన్ననడిగాను, బాయి దగ్గరే స్నానం చేసి రావచ్చు గదా అని. "ఇంటికాడ కాగిన నీళ్లుండంగ అక్కడ లైన్ల ఎవడు నిలబడ్తడు" అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆ నీళ్లు ఎలా కాగాయో ఆలోచించాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, అంతే.

ఇదే నీళ్ల కథ మరో దేశంలో మరోలా నడిచింది. 1919లో బ్రిటన్‌లో బొగ్గు పరిశ్రమ మీద శాంకీ కమిషన్ విచారణ జరిపింది. ఆ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పిన వాళ్లలో గని కార్మికుల భార్యలు కూడా ఉన్నారు. వేల్స్ నుంచి వచ్చిన ఎలిజబెత్ ఆండ్రూస్ వాళ్లలో ఒకరు. ఆమె అడిగింది గని దగ్గర స్నానాల గదులు. బరువైన నీళ్ల పాత్రలు ఎత్తి దించడంతో గర్భిణులకు జరుగుతున్న నష్టం, మరిగే నీళ్లు పడి పిల్లలు కాలిపోవడం, తడి బట్టలు ఆరేసిన గదిలోనే కుటుంబమంతా బతకడం - ఇవన్నీ ఆమె అక్కడ చెప్పింది. కార్మికుల్లో కొంతమందికి అప్పట్లో స్నానాల గదులంటే గిట్టేది కాదు. రోజూ వీపు కడిగితే నడుం బలహీనమవుతుందని ఒక నమ్మకం! నీళ్లు మోసేవాళ్లకు మాత్రం అలాంటి సందేహాలేవీ లేవు.

1926లో అక్కడ చట్టం వచ్చింది. భూస్వాములకు వచ్చే బొగ్గు రాయల్టీ మీద పన్ను వేసి, ఆ డబ్బుతో స్నానాల గదులు కట్టారు. అవి ఎలా కట్టారన్నదే నాకు ఆసక్తి కలిగించిన సంగతి. ఒక వైపు ఇంటి బట్టల అలమరలు, ఇంకో వైపు గని బట్టల అలమరలు, మధ్యలో వేడినీళ్ల షవర్లు. అలమరల గుండా వేడిగాలి పోయే ఏర్పాటు. తడిసిన గని బట్టలు మర్నాటి షిఫ్టుకు అక్కడే ఆరిపోతాయి. బొగ్గు, తడి, మసి ఇంటి గడప దాకా రానే రావు. ఎవరో వాస్తుశిల్పి బల్ల మీద గీసిన గీతే అది. కానీ ఆ గీత ఎక్కడ గియ్యాలో చెప్పింది కార్మికుల భార్యలు. వాళ్ల పేరున అక్కడ మస్టరు లేదు, ఓటు హక్కు కూడా అప్పుడప్పుడే కొంతమందికి వచ్చింది. అయినా గని ఆవరణలో ఏం కట్టాలో అడిగే హక్కు తమకుందని అనుకున్నారు. మన దేశంలో కూడా బొగ్గుగనుల దగ్గర స్నానాల గదుల గురించి 1959లో నిబంధనలు వచ్చాయి. ఆ నిబంధనల సంగతి మా అమ్మకు ఎవరూ చెప్పలేదు.

నీళ్ల తర్వాత పొగ. బొగ్గుపొయ్యి రాజేయడం తెలిసిన వాళ్లకే తెలుస్తుంది. మొదటి అరగంట పచ్చటి పొగ. పొయ్యిని వాకిట్లో పెట్టి రాజేసి, ఎర్రబడ్డాక లోపలికి మోసుకెళ్లేవాళ్లు. సాయంత్రం కాలనీ అంతా ఒకేసారి రాజేసేసరికి ఎదురింటి మనిషి కనిపించేది కాదు. పొగకు అలవాటు పడ్డామని అనుకున్నాం. అలవాటు పడింది మేమే గాని ఊపిరితిత్తులు కాదని అమ్మ దగ్గు విన్నాక అర్థమైంది.

పొగలేని పొయ్యి ఆలోచన ఎక్కడో పుట్టిందనుకుంటాం. మన హైదరాబాదులోనూ దాని మీద పని జరిగింది. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాలయం డైరెక్టరుగా ఉన్న ఎస్.పి. రాజు కట్టెలతో వండే పొయ్యికి కొత్త రూపం గీశారు. ఒక్క మంట మీద ఒకటికి మించిన కుండలు ఉడుకుతాయి, పొగ గొట్టంగుండా బయటికి పోతుంది. ఆ పరిశోధనాలయం పేరులోని ఇంగ్లిషు తొలి అక్షరాలతోనే దాన్ని 'హెర్ల్' పొయ్యి అన్నారు. కోట్లాది వంటిళ్లకు పొగ తప్పించడమే ధ్యేయమని చాటే పుస్తకాన్ని ఆయన 1953లో అచ్చు వేశారు. స్వాతంత్ర్యం వచ్చి ఆరేళ్లైనా కాకముందు ఒక ఇంజనీరు వంటింటి గురించి ఆలోచించాడంటే మెచ్చుకోవలసిందే. ఆనకట్టలు, ఉక్కు కర్మాగారాలు తప్ప ఇంజనీర్లకు మరో పని లేదనుకున్న రోజులవి.

మరి ఆ తర్వాత ఏమైంది? 1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2002లో దాన్ని ఆపేసింది. ఈ మధ్యకాలంలో కోట్ల పొయ్యిలు పంచారు. కానీ చాలాచోట్ల వాటిని వాడటం ఎప్పుడో మానేశారు. ఊళ్లు తిరిగిన మన కార్యకర్తలందరికీ దీని కారణాలు తెలుసు. గొట్టం మసిపట్టి మూసుకుపోతే ఎవరు ఎక్కి తుడవాలి? ఇంట్లో ఉన్న కుండల మూతికి పొయ్యి రంధ్రం సరిపోదు. పండుగనాడు పెద్ద గిన్నె ఎక్కదు. వాకిట్లో వండుకునే అలవాటున్న ఇంటికి గోడలోంచి గొట్టం వేస్తారు. పొయ్యి గోడకు అంటించి ఒక ఫొటో తీస్తే లెక్క పూర్తయ్యేది. ఆరునెలల తర్వాత వచ్చి "ఎట్లుందమ్మా, ఏం మార్చాలి" అని అడిగినవాడు లేడు. ఆ రూపం గీసిన మనసు మంచిదే. పంచిన పద్ధతిలో మాత్రం వండే మనిషికి చోటు లేకపోయింది. పొయ్యి కూలిపోయినప్పుడు మాత్రం "ఆడవాళ్లకు అవగాహన లేదు" అన్నారు.

1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక గ్యాసు బండ చాలా ఇళ్లకు చేరింది. చేరిన ప్రతి ఇంట్లో మళ్లీ నింపించే డబ్బు ఉందా అన్నది వేరే వ్యాసం.

పొయ్యి కథకు పూర్తిగా ఎదురునిలిచే కథ ఒకటి మన పక్కనే ఉంది. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి. పోచంపల్లి రకం చీర నెయ్యడానికి ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ దారాన్ని చేత్తో చుట్టుకుంటూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు తొమ్మిదివేలసార్లు ముందుకూ వెనక్కూ ఆడాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే పద్దెనిమిదివేలసార్లు. ఆమె భుజం, మోచెయ్యి పనికిరాకుండా పోతుంటే చూడలేక కొడుకు 1992లో ఒక యంత్రం తయారుచెయ్యడం మొదలుపెట్టాడు. చదువు మధ్యలో ఆగిపోయినవాడు. ఇంజనీరింగు తెలియదు. ఊళ్లో పిచ్చి అన్నారు. 1999లో అది పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ కథను అందరూ కొడుకు మాతృప్రేమగా చెబుతారు, సినిమా కూడా తీశారు. ప్రేమ ఉంది, కాదనను. కానీ నాకు అందులో కనిపించేది మరొకటి. నొప్పి పడుతున్న మనిషి, రూపం గీస్తున్న మనిషి ఒకే ఇంటివాళ్లు. తప్పు చేసినప్పుడల్లా మర్నాడు పొద్దున్నే ఆ తప్పు తెలిసేది. సదస్సులో చెప్పాలంటే ఇదే చెప్పాలనుకున్నాను. విక్టర్ పాపనెక్ అనే డిజైనర్ 1971లోనే తన తోటివాళ్లు మార్కెట్టుకు పనికిరాని ఆటబొమ్మలు గీస్తూ నిజమైన మనుషుల అవసరాలను వదిలేశారని ఒక పుస్తకంలో దుమ్మెత్తిపోశాడు. 1979లో అహ్మదాబాదులో అంతర్జాతీయ సమావేశం పెట్టి, డిజైన్ అభివృద్ధికి తోడ్పడాలని ప్రకటన కూడా చేశారు. మంచి ప్రకటన. పనిచేసే మనిషి పక్కన ఏడేళ్లు కూర్చోవాలని మాత్రం ఏ ప్రకటనా రాయించలేదు. ఇంకొక్క మాట. ఆసు పోసే పని నేత ఇళ్లలో ఆడవాళ్లది. కూలి లెక్కలో అది చాలాకాలం కనిపించనే లేదు. యంత్రం భుజం నొప్పి తగ్గించింది. ఆ పనికి విలువ కట్టడం యంత్రం వల్ల కాదు, దానికి మళ్లీ మనమే కావాలి.

ఇక అసలు మా నేల సంగతి. ఈ ప్రాంతంలో జరిగిన అన్నిటికంటే పెద్ద డిజైన్ మార్పు ఏదంటే భూగర్భ గని నుంచి ఓపెన్‌కాస్టుకు మారడం. దాన్ని ఎవరూ డిజైన్ అని పిలవరు. 'ఉత్పాదకత' అంటారు. ఇందులో ఒక వైపే చూడటం న్యాయం కాదు. 2003 జూన్ 16న గోదావరిఖనిలో 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు చొరబడి 17 మంది చనిపోయారు. నాలుగు నెలలకు, అక్టోబరు 16న, 8ఏ గనిలో కప్పు కూలి 10 మంది. ఆ ఇళ్లలో ఏడ్చిన ఆడవాళ్లను ఓదార్చడానికి తిరిగినవాళ్లలో నేనూ ఉన్నాను. మగవాళ్లను మళ్లీ లోపలికి దించండి అని నేను అనలేను. తట్టా చెమ్మసు పోయి లోడింగు యంత్రాలు వచ్చినందుకు మా నాన్న నడుమే సంతోషిస్తుంది.

కానీ ఓపెన్‌కాస్టు గీత గీసినప్పుడు ప్రమాదం మాయమైపోలేదు. అది ఇల్లు మారింది. సింగరేణి 2023-24లో 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. దానికోసం తవ్విపోసిన మట్టి 40 కోట్ల ఘనపు మీటర్లకు పైనే. ఆ మట్టి ఎక్కడికి పోతుంది? ఊళ్ల పక్కన గుట్టలై నిలబడుతుంది. ఒకప్పుడు బొగ్గుపొడి గనిలో దిగిన మనిషి ఛాతీలోకి పోయేది. ఇప్పుడు ఊళ్లో ఉన్న ముసలమ్మ, పసిబిడ్డ కూడా దుమ్ము పీలుస్తున్నారు. బావుల్లో నీళ్లు అడుగంటితే బిందె పట్టుకుని నడిచేది ఎవరో చెప్పక్కర్లేదు. దుమ్ము పట్టిన ఇల్లు రోజుకు మూడుసార్లు ఊడ్చేది ఎవరో కూడా. పనులు మాత్రం తగ్గాయి. 1990ల మొదట్లో లక్షా పదిహేను వేలకు చేరువైన సింగరేణి ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు 40 వేల ప్రాంతానికి వచ్చింది. అంటే ఉద్యోగాలు సగానికన్నా ఎక్కువ పోయాయి, ఊడ్చే పని పెరిగింది.

ఈ దిశలో మంచి పనులు ఏమీ జరగలేదనడం కూడా అబద్ధమే. తవ్విపోసిన మట్టిలోంచి ఇసుక వేరుచేసి, గోదావరి ఇసుకకు బదులు గనుల్లో బొగ్గు తీసిన ఖాళీలు నింపడానికి సింగరేణి వాడుతోంది. ఏరు తవ్వకుండా, గుట్ట కొంతైనా తరిగేలా ఆలోచించిన పద్ధతి అది. రామగుండం ఎన్‌టీపీసీ జలాశయం మీద 2022లో 100 మెగావాట్ల తేలియాడే సౌరవిద్యుత్ కేంద్రం పూర్తయింది. సుమారు 500 ఎకరాల నీటి మీద పలకలు పరిచారు. ఎవరి చెలకా పోలేదు, ఎండకు ఆవిరైపోయే నీళ్లూ కొంత మిగులుతాయి. కరెంటు కోసం భూమే పోవాలన్న రూలు లేదని ఈ ఒక్క ఉదాహరణ చాలు. అదే రామగుండంలో 1971లో మొదలైన 62.5 మెగావాట్ల బి థర్మల్ 2024లో మూతపడింది. పాత బాయిలర్ మూతపడటం ఊపిరికి మంచిదే. కానీ అలాంటి కేంద్రం గేటు ముందు చాయ అమ్మే ఆమెకు, లోపల ఊడ్చే ఆమెకు, క్యాంటీన్లో గిన్నెలు తోమే ఆమెకు రేపటి నుంచి ఏం పని అన్న గడి ఏ ప్లాను కాగితంలోనూ కనిపించదు. మూసెయ్యడానికి కూడా ఒక డిజైన్ ఉండాలి.

రెండేళ్ల కిందట ఈ బెల్టులో ఒక పునరావాస కాలనీ చూడటానికి వెళ్లాను. ఊరి పేరు, కట్టినవాళ్ల పేరు అవసరం లేదు, చాలాచోట్ల ఇంతే. సిమెంటు రోడ్లు, వరసగా ఇళ్లు. దూరం నుంచి చూడటానికి బాగుంది. ఒక పెద్దామె నన్ను చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పింది. వంటిల్లు మూలకు పడింది, కిటికీ లేదు. మరుగుదొడ్డి తలుపు వీధి వైపు తెరుచుకుంటుంది, పగటిపూట కోడళ్లు వెళ్లడానికి సిగ్గుపడతారు. వెనక స్థలం లేదు. "నా బర్రెనేడ కట్టెయ్యాలె బిడ్డా?" అని అడిగింది. పాత ఊళ్లో ఆమెకు రెండు బర్రెలుండేవి. పాలు అమ్మిన డబ్బు ఆమె చేతికే వచ్చేది. ఇల్లు మారేముందు రెండింటినీ అమ్మేసింది. అమ్మిన డబ్బు కొడుకు చేతికి పోయింది. ఇంటి ప్లానులో దొడ్డికి చోటు లేకపోవడం వల్ల ఒక స్త్రీ ఆదాయం, దానితోపాటు ఇంట్లో ఆమె మాటా పోయాయి. నష్టపరిహారం లెక్కలో ఈ పద్దు ఉండదు.

2013 భూసేకరణ చట్టంలో పునరావాస గ్రామానికి ఏమేం ఉండాలో జాబితా ఉంది. రోడ్లు, మురికికాలువలు, తాగునీరు, బడి, అంగన్‌వాడీ, శ్మశానం అన్నీ ఉన్నాయి. ఆ జాబితా చేతిలో ఉంచుకుని కొట్లాడాల్సిందే. కానీ జాబితా ఎన్ని ఉన్నాయో చెబుతుంది, ఎలా ఉండాలో చెప్పదు. పునాది తవ్వకముందు సున్నంతో నేల మీద గది కొలతలు గీసి, ఆడవాళ్లను ఆ గీతల మధ్య నిలబెట్టి, ఇక్కడ పొయ్యి, ఇక్కడ నీళ్ల కుండ, ఇక్కడ బర్రె అని నడిపించి చూడటానికి ఒక పూట చాలు. ఆ పూట పని మన కార్యకర్తలు చెయ్యగలరు. ఇంజనీరింగు చదవక్కర్లేదు. గ్రామసభలో "ఎంతిస్తారు" అన్న ప్రశ్నతోపాటు "ప్లాను చూపించండి, మార్చే అవకాశం ఉన్నప్పుడే చూపించండి" అని కూడా అడుగుదాం.

మళ్లీ బూటు దగ్గరికి వస్తాను. గనుల్లో స్త్రీల పని చరిత్ర అవసరాన్నిబట్టి తెరిచి మూసే తలుపు కథ. బ్రిటిష్ ఇండియాలో 1929లో భూగర్భం నుంచి స్త్రీలను అంచెలంచెలుగా తీసెయ్యాలని నిబంధనలు వచ్చాయి. 1937కల్లా తీసేశారు. యుద్ధానికి బొగ్గు కావాల్సి వచ్చేసరికి 1943లో మళ్లీ దించారు. యుద్ధం అయిపోగానే 1946లో బయటికి పంపించారు. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆ నిషేధాన్ని కొనసాగించింది. గని ఉపరితలం మీద కూడా పొద్దున 6 నుంచి సాయంత్రం 7 వరకే పని. 2019 జనవరిలో కేంద్రం ఆ సెక్షన్ నుంచి మినహాయింపులిచ్చింది. స్త్రీ రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఉపరితలంలో రాత్రి షిఫ్టు, భూగర్భంలో పగటిపూట సాంకేతిక, పర్యవేక్షణ పనులు చెయ్యవచ్చు. 2025 నవంబరు 21న వృత్తి భద్రత కోడ్ అమల్లోకి రావడంతో ఆమె సమ్మతితో అన్ని రకాల పనులకూ దారి తెరిచారు.

నేను దీన్ని వ్యతిరేకించను. ఉద్యోగం కావాలన్న ఆడపిల్లను "నీకది ప్రమాదం" అని ఇంట్లో కూర్చోబెట్టే దయ మనకు అక్కర్లేదు. కానీ ఆమె సంతకం తీసుకోవడం తేలిక. ఆమె పాదం కొలత తీసుకోవడమే ఎవరికీ గుర్తురాదు. హెల్మెట్ లోపలి పట్టీ జడకు, కొప్పుకు ఎలా కూర్చోవాలి? నడుముకు కట్టే బెల్టు ఎంత చిన్నదిగా బిగించవచ్చు? డంపర్ సీటు నుంచి బ్రేకుకు పొట్టి మనిషి కాలు అందుతుందా? ముఖానికి కట్టే దుమ్ము గుడ్డ సన్నటి దవడ మీద వదులైతే ఉన్నా లేనట్టే. కిలోమీటర్ల పొడవున్న క్వారీలో నెలసరి రోజున మరుగుదొడ్డి ఎంత దూరం? అది దూరమని నీళ్లు తాగడం మానేసిన ఆడవాళ్లు నాకు తెలుసు. ఇవేవీ గొప్ప ఆవిష్కరణలు కోరే సమస్యలు కావు. మన దగ్గరే ఇలా ఉందని చిన్నబోవాల్సిన పనీ లేదు. 2019 మార్చిలో అమెరికా అంతరిక్ష సంస్థలో ఇద్దరు స్త్రీలు కలిసి చెయ్యాల్సిన మొట్టమొదటి అంతరిక్ష నడక ఆగిపోయింది. ఇద్దరికీ సరిపోయే మధ్య సైజు సూటు పైభాగాలు రెండు సిద్ధంగా లేవట! అక్టోబరులో గాని అది జరగలేదు. ఆకాశంలోకి పోయినా కొలత మగవాడిదే.

కార్మిక సంఘాల చార్టర్లలో జీతం, బోనస్, వారసత్వ ఉద్యోగం, క్వార్టర్లు ఉంటాయి. బూటు సైజులు ఉండవు. మన మహిళా సంఘాల తీర్మానాల్లో కూడా లేవు. చిన్న విషయమని అనుకుంటాం. కాలు జారి బెల్టు మీద పడ్డ రోజున అది చిన్నది కాదు. సరిపోని బూటు వేసుకున్న మనిషి మిగతావాళ్లంత వేగంగా పరిగెత్తలేదు, అప్పుడు "ఆడవాళ్లు ఈ పనికి పనికిరారు" అన్న మాట తయారుగా ఉంటుంది. మనుషులకు వస్తువు సరిపోకపోతే తప్పు మనుషులదే అవుతుంది.

ఆ సమావేశం ముగిసేముందు ఒక పని చేశాం. పాత న్యూస్‌పేపర్లు నేల మీద పరిచి ఒక్కొక్కరినీ చెప్పులు విప్పి నిలబడమన్నాం. పెన్సిలుతో పాదం చుట్టూ గీత గీశాం. మొదట అందరూ నవ్వారు, చక్కిలిగింతలన్నారు. పెళ్లిలో పారాణి పెడుతున్నట్టుందని ఒకామె అంది. తర్వాత ఎవరి పాదం మీద ఎక్కడ కాయ కాసిందో, ఎక్కడ గోరు ఊడిందో కూడా ఆ గీత పక్కన రాయడం మొదలుపెట్టారు. రాయడం రానివాళ్లు వేలితో చూపిస్తే మిగతావాళ్లు రాశారు. చివరికొచ్చేసరికి ఇరవై ముప్ఫై కాగితాలయ్యాయి. వాటిని తీసుకుని మరుసటి వారం ముగ్గురం కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన కుర్చీ వేశాడు, చాయ తెప్పించాడు, కాగితాలు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. బూట్లు ఒకే లాటుగా వస్తాయని, ఈ టెండరులో చెయ్యగలిగిందేమీ లేదని, వచ్చే టెండరులో సైజులు రాయించడానికి చూస్తానని అన్నాడు. టెండరు కాగితం ఎవరు రాస్తారని అడిగాం. ఒక ఆఫీసు పేరు చెప్పాడు. అక్కడికి వెళ్తే ఇంకో ఆఫీసు పేరు చెప్పారు.

కాగితాలు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. నగరం సదస్సుకు వాటినే పట్టుకెళ్తున్నాను. చేతి గ్లౌజుల కొలతలు వచ్చే నెల సమావేశంలో తీస్తాం.